చల్లగా ఉంటే మోగే పిస్టన్లు

అది కాదు బావా, కాఫీ కూడా ఇస్తామని రాయడం దేనికి?

బుధవారం పాలకని కొట్టుకెళ్తే తలుపు పక్కన అంటించి ఉంది. "సోమవారం సాయంత్రం ఆరింటికి స్వచ్ఛంద అగ్నిమాపక దళం అభ్యాసం. పాత కారు ఒకదాన్ని కత్తిరించి, ఆపైన తగలబెట్టి ఆర్పుతాం. కాఫీ, బన్ను ఉచితం." కింద దళం నాయకుడిగా నీ సంతకం. ఆ పాత కారు ఎవరిదో ఊరందరికీ తెలుసు. మా ఇంటి ముందు ఎనిమిదేళ్లు నిలబడిన కారు అది. నా చేతుల్లోంచి నీ చేతుల్లోకి పోయి మూడు వారాలు కూడా కాలేదు.

ఆగు, నీళ్లు ఇప్పుడే పొయ్యకు. రాళ్లు ఇంకా సరిగ్గా కాగలేదు. నేను ఓ మాట చెప్పడానికొచ్చా. చెప్పేదాకా నన్నీ పై బల్ల మీంచి దిగనివ్వకు. సౌనాలో, ఈ ఆవిరిస్నానం గదిలో, బట్టల్లేకుండా కూర్చుని అబద్ధమాడితే తనకి కోపమొస్తుందనేవాడు కదా మీ నాన్న. ఈ వేసవంతా నేను నీ సౌనాకి ఎందుకు రాలేదనుకున్నావు మరి? నడుం నొప్పని చెప్పా. నమ్మావు. అదే నీతో వచ్చిన చిక్కు, అన్నీ నమ్ముతావు.

గురువారం వచ్చి ఆ కారు సీటు అడిగానా? నడుముకి అలవాటైపోయిందన్నాను. నువ్వు మారుమాట్లాడకుండా బోల్టులు విప్పి, సీటు తీసి నా బండిలో పెట్టి, దానిమీద ఉన్ని దుప్పటొకటి మడిచి పెట్టావు. నేనొచ్చింది సీటు కోసం కాదు. నిన్న పొద్దున బ్యాటరీ అడిగా. బ్యాటరీతో పాటు మీ ఆవిడ మాయిరక్క ఓ సీసాడు పళ్ల జాం ఇచ్చింది, చిత్తడి నేలల్లో తిరిగి ఆవిడ సొంతంగా ఏరినవి. నేనొచ్చింది బ్యాటరీ కోసమూ కాదు. నిన్న సాయంత్రం తెగించి ఇంజనే అడిగేశా. పడవకి లంగరుగా పనికొస్తుందన్నా. నువ్వు కొట్టంలోకెళ్లి నీ సొంత పడవ లంగరు తెచ్చి నా చేతిలో పెట్టావు. గొలుసుతో సహా.

నీలాంటి మనిషిని మోసం చెయ్యడం ఎంత కష్టమో ఎప్పుడైనా ఆలోచించావా?

సరే. మొదట్నించీ చెప్తా. నువ్వు మధ్యలో ఏం అడగవు, ఆ సంగతి నాకు తెలుసు. మీ చెల్లెలు లాహ్యతో పెళ్లయిన రోజునించీ నేను మీ ఇంట్లో మాట్లాడుతూనే ఉన్నా, నువ్వు ఇప్పటిదాకా ఓ నలభై మాటలు అని ఉంటావు.

పోయిన నవంబర్లో నా రేసు కారు పాత ఇంజన్ పోయింది కదా. కనెక్టింగ్ రాడ్ విరిగి, బ్లాకు పక్కనించి బయటికి తొంగిచూసింది. పిస్టన్ని పట్టుకుని కింద క్రాంకుని తిప్పే చెయ్యి అది. ఆ చెయ్యి విరిగిందంటే ఇంజన్లో ఇంకేమీ మిగలదు. ఇంకొకడైతే తుక్కు బజారులో నూట యాభైకి మరో ఇంజన్ తెచ్చి బిగించుకునేవాడు. మన జొక్కిస్‌లో, ఈ డొక్కు కార్ల రేసులో, అందరూ చేసేదదే. ఎందుకు చేస్తారు? రూలు అలాంటిది కాబట్టి. కంకర గుంటలో పరుగెత్తిన ప్రతి డొక్కు కారూ, రేసయ్యాక, అమ్మకానికున్నట్టే. లైసెన్సున్నవాడు ఎవడైనా రెండు వేల యూరోలు కట్టి చీటీ వేస్తే, నోరు మూసుకుని తాళాలిచ్చెయ్యాలి. ఇద్దరు ముగ్గురు వేస్తే చీట్లు తీస్తారు. ఇవ్వనంటే లైసెన్సు రద్దు. అందుకే రెండు వేలకి మించి ఎవడూ కారులో పెట్టడు. పెట్టేవాడంత వెర్రివాడు ఉండడు.

నేను పెట్టాను.

అలా చూడకు. ముప్పై ఒక్కేళ్లుగా పరుగెడుతున్నా బావా. ఒక్క కప్పు లేదు. తొంభై ఎనిమిదిలో ఒకసారి మూడో స్థానం వచ్చింది, అదీ ముందున్న ఆరుగురిలో నలుగురు ఒకళ్లనొకళ్లు గుద్దుకుని గుంట అంచున పడుంటే, పక్కనించి పోయాను కాబట్టి. ఆ మూడో స్థానం కాగితం మీ చెల్లెలు బాత్రూంలో తగిలించింది. గెలవకపోవడానికి కారణం ఇంజనే అని నాకు గట్టి నమ్మకం. ముప్పై ఒక్కేళ్ల నమ్మకమంటే మతం లాంటిది.

తూరె దగ్గరికెళ్లా. నీకు తెలుసుగా, తీరం వైపు సిలిండర్లు బోరు చేసే తూరె. మాట్లాడేముందు కూడా కొలత తీసుకునే రకం. నా దగ్గర పెద్ద డబ్బు లేదు, ఎక్కడ ఖర్చు పెట్టను, ఎక్కడ మిగుల్చుకోను అనడిగా. కాసేపు గోడవైపు చూసి, రాడ్ల దగ్గర పీనాసితనం చెయ్యొద్దన్నాడు. పిస్టన్ పోతే అదొక్కటే పోతుంది, రాడ్ పోతే అన్నిటినీ వెంట తీసుకుపోతుందట. మంచి గట్టి రాడ్లు కొనుక్కో, పిస్టన్లు మామూలువి చాలన్నాడు.

తెలివైన సలహా. డిసెంబరంతా కంప్యూటర్ ముందు కూర్చుని రాడ్లు వెతికా. అసలు కంపెనీవి కొనే తాహతు ఎక్కడిది? బయటివాళ్లు చేసి అమ్మేవి. కొన్నవాళ్లు కింద అభిప్రాయాలు రాస్తారు చూడు, అవి చదివితే మతిపోతుంది. ఒకడు రాస్తాడు, "ప్రపంచంలో ఇంతకంటే గట్టి రాడ్లు లేవు, ఇంకా బిగించలేదు" అని. ఇంకొకడు అయిదు నక్షత్రాలిచ్చి, అట్టపెట్టె చాలా శుభ్రంగా వచ్చిందంటాడు. మూడోవాడు, పాపం, ఒకే మాట రాశాడు: "విరిగింది." ఏది విరిగిందో రాయలేదు. వాడి గురించే వారం రోజులు ఆలోచించా. చివరికి అట్టపెట్టె శుభ్రంగా వచ్చినవే కొన్నా.

నాలుగు రాడ్లూ ఒకే బరువుండాలి. గ్రాము అటూ ఇటూ అయినా ఇంజన్ వణుకుతుంది. మీ చెల్లెలు చర్చికి పోయిన ఆదివారం చూసి, రొట్టెపిండి తూచే త్రాసు మీద పెట్టి తూచా. మూడోది నాలుగు గ్రాములు ఎక్కువ. పట్టుకుని రెండు రోజులు ఆకురాయితో అరగదీశా. మళ్లీ తూచితే నాలుగు గ్రాములు తక్కువ. ఇదేం మాయరా అని తిప్పి చూస్తే, బల్లమీద ఎండిన పిండి ముక్కొకటి దాని వెనక్కి అంటుకుని ఉండేదని, అది కాస్తా అరగదీస్తుంటే రాలిపోయిందని అర్థమైంది. నేను అరగదీసింది పిండి బరువు. ఇంకేం చేస్తా, మిగతా మూడు రాడ్లూ కూడా నాలుగేసి గ్రాములు అరగదీశా. తేలిక రాడ్లు మంచివేనన్నాడు తూరె, ఎందుకు తేలికయ్యాయో అడగలేదు.

ఆపైన పిస్టన్లొచ్చాయి. చవకవే, తూరె చెప్పినట్టే. పిస్టన్నీ రాడ్‌నీ కలిపే పిన్ను ఇరవై మిల్లీమీటర్లు. రాడ్‌కున్న బెజ్జం పద్దెనిమిది. ఒకే పేరుగల కారే, ఏడాది వేరట. ఆ పిన్నుని నూనె రాసి ఎక్కించబోయా, బెదిరించా, ఫ్రీజర్లో చేపల పక్కన పెట్టి తీశా. తూరె మూడుసార్లు కొలిచి, కాఫీ తాగి, మళ్లీ కొలిచి, ఇవి ఒకదాని కోసం ఒకటి పుట్టలేదన్నాడు.

రెండు నెలల్లో రెండు పార్సిళ్లు. లాహ్య అడగదా? బావి పంపు సామాన్లని చెప్పా. సరేనంది. వారమయ్యాక, మరి పంపు ఎప్పుడు బాగుచేస్తావంది. పంపు బాగానే ఉంది బావా. కానీ బాగుచేసినట్టు కనబడాలిగా, విప్పాను. మళ్లీ బిగించాక అది తిరగలేదు. అదుగో, ఆ కనుబొమ్మ లేచింది. అవును, ఆ పంపే. ఫిబ్రవరిలో మూడు వారాలు నువ్వు ట్రాక్టరు మీద మాకు నీళ్ల డ్రమ్ములు తోలిన పంపు. మంచులో.

ఇప్పుడు కొంచెం నీళ్లు పొయ్యి. కొంచెం చాలు.

అసలు పాపం ఇక్కడ మొదలైంది. మళ్లీ పిస్టన్లు కొనాలి. తూరె రెండు రకాలు బల్లమీద పెట్టాడు. ఒకటి పోత పోసింది. చవక, సిలిండర్లో దగ్గరగా కూర్చుంటుంది, చప్పుడు చెయ్యదు. రెండోది సుత్తిదెబ్బలు తిన్న లోహం. ఎంత వేడినైనా తట్టుకుంటుంది, కానీ వేడికి ఉబ్బుతుంది కాబట్టి చుట్టూ కాస్త ఖాళీ వదిలి బిగించాలి. ఇది నీకొద్దులే, ఖరీదు, పైగా ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పిస్టన్లు ఆ ఖాళీలో అటూ ఇటూ కొట్టుకుని డబ్బాలో రాళ్లేసి ఊపినట్టు మోగుతాయన్నాడు. పది నిమిషాలకి వేడెక్కి సర్దుకుంటాయి, ఆలోగా విన్నవాడెవడైనా ఈ ఇంజన్ ఇవాళో రేపో అనుకుంటాడన్నాడు.

నా బుర్రలో దీపం వెలిగింది. ఇంజన్ బాగుందని తెలిస్తే ఎవడో ఒకడు చీటీ వేస్తాడు. చచ్చేలా ఉందనుకుంటే ఎవడేస్తాడు?

లోకంలో పిస్టన్లని బలం చూసి కొంటారు, ధర చూసి కొంటారు. అవి చేసే గోల నచ్చి కొన్నవాణ్ని నేనొక్కణ్నే అయ్యుంటా.

పథకమేంటంటే, ఎనిమిది రేసులూ ఆఖరున రావాలి. రేసుకీ రేసుకీ మధ్య ఇంజన్ చల్లారేదాకా ఆపి, అందరూ ఉన్నప్పుడు స్టార్ట్ చెయ్యాలి. పొగగొట్టంలో గరిటెడు పాత నూనె పొయ్యాలి, నల్లగా కక్కుతుంది. సెప్టెంబరు చివర్లో తొమ్మిదోది, ఆఖరి రేసు. ఆ ఒక్కరోజూ కాలు ఎత్తకుండా తొక్కి కప్పు కొట్టెయ్యాలి. ఆ తర్వాత ఎవడు కొనుక్కుపోయినా నాకేం? బాత్రూంలో కాదు, ముందు గదిలో పెట్టిస్తా ఆ కప్పుని.

ఎంత బాగా చేశాననుకున్నావ్. మే నెలలో కారు స్టార్ట్ చేస్తే నవ్వారు. జూన్లో నవ్వడం మానేశారు. జూలై వచ్చేసరికి నేను బానెట్ ఎత్తితే పక్కవాళ్లు మాటలాపి టోపీలు సర్దుకునేవాళ్లు. సాసేజీలు కాల్చే ఆమె నా దగ్గర డబ్బు తీసుకోవడం మానేసింది, పైగా ఆవాలముద్ద ఎక్కువేసేది. ఎవడో ఓ మంచి రేడియేటర్ నా ట్రాలీలో పెట్టి పేరు చెప్పకుండా పోయాడు. మన ఊళ్లో జాలిపడితే అంతే కదా, మొహం చూపించరు. మైకులో పేర్లు చదివే అతను అందరి పేర్లూ అరిచి, నా పేరు దగ్గరికొచ్చేసరికి ఆసుపత్రిలో చదివినట్టు చదివేవాడు: ఐమో పెల్టోకంగస్... ఇంకా నడుస్తోంది... నడుస్తోంది.

నాకు నచ్చింది బావా. దాచడం దేనికి? ముప్పై ఒక్కేళ్లలో ఎవరూ నన్ను అంత పట్టించుకోలేదు.

ఇక ఆగస్టు. ఎనిమిదో రేసు. ఆఖరున వచ్చా, కారు చల్లార్చా, గలగలలాడించా. ఆఫీసు కిటికీ దగ్గర కాగితం అంటించారు. ఎప్పుడూ నా నంబరు ఎదురుగా ఖాళీ ఉంటుంది. ఆ రోజు ఒక పేరుంది. కలెర్వో. పదిహేనేళ్లుగా రేసుకి దిగని నువ్వు, ఆ చీటీ వెయ్యడానికే లైసెన్సు మళ్లీ తీసుకున్నావట. గుంట దాటి నడుచుకుంటూ వచ్చావు. చెయ్యి కలిపావు. నేను నీ చెయ్యి వదలకుండా ఊపుతూనే ఉన్నా, అందరూ అది ఆనందమనుకున్నారు. నువ్వప్పుడు అన్నావు చూడు, నీ నలభై మాటల్లోంచి నాలుగు తీసి:

"ఐమో, ఇంక విశ్రాంతి తీసుకో."

మీ చెల్లెలు నీ మెడ పట్టుకుని ఏడ్చింది. నేనా రెండు వేలతో వేరే మంచి కారు కొనుక్కోవచ్చని, ఇక ఆ పీడ వదిలిందని. సాసేజీల ఆమె చప్పట్లు కొట్టింది. నేను తాళాలిచ్చా. ఇంకేం చేస్తా? నిలబడి చెప్పనా, ఆగండాగండి, ఇది మీ అందరి కార్ల కంటే మంచిది, నాలుగు నెలలుగా మిమ్మల్ని ఏడిపిస్తున్నానంతే అని?

ఇప్పుడు చెప్తున్నా. నీకొక్కడికి. ఎల్లుండి నువ్వు కోసి కాల్చబోయే ఆ డొక్కులో, ఈ జిల్లాలో ఎవడి దగ్గరా లేని ఇంజనుంది.

...

ఏంటి, దిగుతున్నావా? లేదు బావా, వేడి తలకెక్కలేదు. చల్లనీళ్లొద్దు. కూర్చో. నాడి చూడక్కర్లేదు, బాగానే ఉన్నా. అయ్యో, మాయిరక్కని పిలవకు.

అలా జాలిగా చూడకు. నిజం చెప్తుంటే ఇంకా ఎక్కువ జాలిపడుతున్నావేంటి? సరే, రసీదులా? మీ చెల్లెలు చూస్తుందని పొయ్యిలో పెట్టేశా. తూరెనా? తూరెని అడిగితే నన్ను ఎరగనంటాడు. ఎవరడిగినా ఎరగనని చెప్పమని నేనే మాట తీసుకున్నా. వాడు మాట తప్పే మనిషి కాదు, నా ఖర్మ. త్రాసు మీద అరగదీసిన పొడి కూడా తుడిచేశా. ఇంత శుభ్రంగా ఈ జన్మలో ఏ పనీ చెయ్యలేదు నేను.

ఒకటే సాక్ష్యముంది. సీటు, బ్యాటరీ నా బండిలోనే ఉన్నాయి, ఇప్పుడే తెచ్చి బిగిస్తా. ఇంజన్ స్టార్ట్ చేసి పది నిమిషాలు ఏమీ ముట్టుకోకుండా నిలబడు. ముందు రాళ్ల డబ్బా మోత వస్తుంది. పట్టించుకోకు. తర్వాత ఒక్కోటీ సర్దుకుంటుంది. నాలుగోది కాస్త మొండిది, ఆఖర్న ఆగుతుంది. అప్పుడు విను. అంతే, ఇంకేం చెప్పను.

ఏమన్నావ్?

తిరిగిచ్చేస్తావా? ఇప్పుడే? డబ్బు కూడా తర్వాత చూద్దామంటున్నావా?

...

వచ్చే ఆదివారమే ఆఖరి రేసు. అవును. నా పథకం నాకు గుర్తుంది, నువ్వు గుర్తుచెయ్యక్కర్లేదు.

వద్దు బావా.

వద్దంటున్నానుగా. ఇవాళ పొద్దున ఇక్కడికి బయల్దేరినప్పుడు దాని కోసమే వచ్చా, నిజం. సీటూ, బ్యాటరీ, లంగరూ, ఆ నాటకాలన్నీ దాని కోసమే. కానీ ఇక్కడ కూర్చున్నాక ఇంకో మాట మిగిలిపోయింది. ఇది తూరెకి తెలీదు, లాహ్యకి తెలీదు. నీళ్లు ఇంకో రెండు గరిటెలు పొయ్యి, మొహాలు కనపడకుండా ఆవిరి రానీ.

జూలైలో ఒక రేసు, నీకు గుర్తుండదు. వాన పడి వెలిసింది. కారు బాగా వేడెక్కింది, లోపల ఒక్క చప్పుడు లేదు, పిల్లి నిద్రపోయినట్టుంది. తట్టుకోలేకపోయా. ఏదైతే అదైందని తొక్కేశా. పథకం లేదు, గిథకం లేదు. నిజంగా తొక్కా బావా, నేలకి ఆనించి, ఆరు చుట్లూ, కాలు తియ్యకుండా, దేవుడి మీద ఒట్టు. ఇంజన్ నేను చెప్పిందల్లా చేసింది. నేను అడగనివి కూడా చేసింది.

ఆఖర్నించి రెండోవాణ్నయ్యా.

ఎవడూ చీటీ వెయ్యలేదు. ఎవడూ తేడా గమనించలేదు. దిగి టోపీ తీస్తే సాసేజీల ఆమె మామూలుగానే ఇంకొంచెం ఆవాలముద్ద వేసింది. నా వెనక వచ్చినవాడికి టైరు లేదు, మూడు చక్రాల మీద వచ్చాడు.

ఆ రోజునించీ ఆఖరున రావడానికి నేను నటించాల్సిన పని పెద్దగా ఉండేది కాదు. అయినా నటించా. నటిస్తున్నాననుకుంటే బాగుండేది.

అందుకని ఇలా చెయ్యి. దాన్ని కాల్చకు, దాని తప్పేం లేదు. అభ్యాసానికి నా ఇంటి వెనకున్న పాత వ్యాను ఇస్తా, కోసుకోండి. ఈ కారు ఆదివారం మాయిరక్కకివ్వు. ఆవిడకీ రేసు లైసెన్సుందిగా, ఆడవాళ్ల పరుగులో దిగమను. బండిలో పాల డబ్బాలు పెట్టుకుని ఆవిడ మంచు మీద మలుపు తిప్పడం నేను చూశా, నాకు ముప్పై ఒక్కేళ్లలో రాని విద్య అది. ముందు పది నిమిషాలు వేడి చెయ్యమను. తర్వాత ఆవిడ ఇష్టం.

గెలిస్తే సాయంత్రానికి పాతిక చీట్లు పడతాయి, ఎవడో తోలుకుపోతాడు. పోనీ. రాడ్లూ పిస్టన్లూ నేను ఎంచినవని మాత్రం మైకులో చెప్పించు. అప్పుడు ఊరందరికీ తెలిసిపోతుంది, ఇంజన్ బ్రహ్మాండంగా ఉంది, ఎటొచ్చీ నడిపినవాడే పనికిమాలినవాడని. తెలియనీ బావా. నేనూ ఇంజనూ, మా ఇద్దర్లో ఒకరైనా బాగున్నట్టే కదా.